ఫాస్ట్ బౌలర్లకు నడుము గాయాలే ఎందుకు ఎక్కువ? సిక్స్ ప్యాక్ ఉన్నా సరిపోదు.. ‘కోర్’ బలం కావాల్సిందే!

టీమిండియా పేసర్ జస్‌ప్రీత్ బుమ్రాను వెన్ను గాయాలు వెంటాడాయి. 2019లో వెన్నెముక కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. 2022లో మళ్లీ వెన్ను సమస్యతో టీ20 వరల్డ్ కప్‌కు దూరం. 2023లో సర్జరీ. అంత ఫిట్‌గా ఉండే బౌలర్లకే ఇలా ఎందుకవుతుంది?

నడుముపై ఎంత భారం పడుతుందంటే..

బంతి వదిలే ముందు బౌలర్ ముందు కాలు నేలను గట్టిగా తాకుతుంది. ఆ దెబ్బ శరీర బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. సరిగ్గా అప్పుడే నడుము పక్కకు వంగి, మెలి తిరుగుతుంది. ఇదే పదే పదే జరిగితే వెన్నుపూస వెనుక భాగంలోని సన్నటి ఎముకలో పగులు రావచ్చు. రైట్ ఆర్మ్ బౌలర్‌కైతే ఇది ఎక్కువగా ఎడమవైపు వస్తుంది.

అసలు కోర్ అంటే ఏంటి?

పైకి కనిపించే పొట్ట కండలు ఇందులో ఒక భాగమే. పొట్టను లోపల బెల్టులా చుట్టి ఉండే కండరం, వెన్ను పక్కనుండే చిన్న కండరాలు, పైన డయాఫ్రమ్, కింద పెల్విక్ ఫ్లోర్ కూడా కోర్ కిందకే వస్తాయి. చేతులు, కాళ్లు వేగంగా కదిలేటప్పుడు నడుము అదుపు తప్పకుండా పట్టి ఉంచడమే వీటి పని.

ఏ ఎక్సర్‌సైజ్‌లు చేయాలి?

కెనడాకు చెందిన వెన్నెముక నిపుణుడు స్టువర్ట్ మెక్‌గిల్ ముఖ్యంగా మూడు చెప్తారు.

* కర్ల్ అప్: వెల్లకిలా పడుకుని, నడుము కింద చేతులు పెట్టి, తల, భుజాలు కొద్దిగా మాత్రమే లేపాలి.
* సైడ్ ప్లాంక్: ఒక పక్కకు తిరిగి, మోచేతిపై ఆని నడుము పైకెత్తాలి.
* బర్డ్ డాగ్: చేతులు, మోకాళ్లపై ఉండి, ఒక చేయి, దానికి ఎదురు కాలు చాపాలి.

నిమిషాల తరబడి ఆపక్కర్లేదు. 10 సెకన్ల చొప్పున కొన్నిసార్లు చేస్తే చాలు.

ఇది మర్చిపోవద్దు!

కోర్ ఒక్కటే గాయాన్ని ఆపలేదు. ఒక్కసారిగా ఓవర్లు పెంచినా, రెస్ట్ ఇవ్వకపోయినా ముప్పే. టీనేజ్ కుర్రాళ్లకు ఎముకలు ఇంకా గట్టిపడే దశలోనే ఉంటాయి కాబట్టి మరింత జాగ్రత్త అవసరం. నడుములో ఒక పక్కే నొప్పి, బౌలింగ్ చేస్తే ఎక్కువవుతుందా? స్ప్రే కొట్టి ఆడించొద్దు. బౌలింగ్ ఆపించి స్పోర్ట్స్ డాక్టర్‌కు చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం కావచ్చు. తొందరగా గుర్తిస్తే చాలావరకు రెస్ట్‌తోనే మానుతుంది.