ప్రోటాన్ గుట్టు విప్పిన ధ్రువిత ఎలక్ట్రాన్లు

పిస్కాటవే పేరు చెబితే మనవాళ్లకు పక్కనే ఉన్న ఎడిసన్, ఓక్ ట్రీ రోడ్డు దుకాణాలు గుర్తొస్తాయి. ఈ ఊళ్లో కాపురముంటున్న నాకు మాత్రం రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్ క్యాంపస్‌లోని సెరిన్ ఫిజిక్స్ భవనం గురించి చెప్పాలని ఉంటుంది. ప్రోటాన్ మీద దశాబ్దాలుగా పాతుకుపోయిన ఒక అభిప్రాయాన్ని కదిలించిన ప్రయోగంలో ఇక్కడి శాస్త్రవేత్తలకూ భాగముంది.

ఆ ప్రయోగానికి కీలకమైన సంగతి ఒకటుంది: ఎలక్ట్రాన్‌కు బొంగరంలా స్పిన్ అనే గుణం ఉంటుంది. మామూలు ఎలక్ట్రాన్ పుంజంలో ఆ స్పిన్‌లు తలో దిక్కుకూ ఉంటాయి. ఎక్కువ భాగాన్ని ఒకే దిక్కుకు తిప్పితే అది ధ్రువిత పుంజం. గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం మీద వర్తుల ధ్రువణం గల లేజర్ కాంతి పడితే అలాంటి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. కాంతి వాటం మారిస్తే స్పిన్ తిరగబడుతుంది. మిగతావన్నీ అలాగే ఉంటాయి కనుక, కనిపించిన తేడా స్పిన్‌దేనని నమ్మకంగా చెప్పొచ్చు. 1978లో కాలిఫోర్నియాలోని స్లాక్ పరిశోధన కేంద్రం ఈ పద్ధతితోనే పదివేలలో ఒక వంతు స్థాయి తేడాను పట్టుకుంది. ఎలక్ట్రాన్లు చెదిరేటప్పుడు కూడా బలహీన బలం పాత్ర ఉంటుందని, అక్కడా ప్రకృతి కుడి ఎడమల మధ్య వివక్ష చూపుతుందని దాంతో రుజువైంది.

రట్గర్స్ బృందం పాల్గొన్న ప్రయోగం వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో జరిగింది. ధ్రువిత ఎలక్ట్రాన్ హైడ్రోజన్‌ను ఢీకొన్నప్పుడు ఎగిరిపడే ప్రోటాన్‌కు కొంత స్పిన్ సంక్రమిస్తుంది. ఆ ప్రోటాన్‌ను కార్బన్ గుండా పంపి, ఏ పక్కకు ఎక్కువగా చెదిరిందో చూసి దాని స్పిన్ దిశ లెక్కగడతారు. ఇందుకు కావలసిన పోలారిమీటర్‌ను తయారుచేసిన విశ్వవిద్యాలయాల్లో రట్గర్స్ ఒకటి.

ఎన్ని ఎలక్ట్రాన్లు చెదిరాయో లెక్కపెట్టే పాత పద్ధతిలో, తాకిడి తీవ్రమయ్యేకొద్దీ అయస్కాంత ప్రభావం విద్యుత్ ప్రభావాన్ని కప్పేసేది. ఆ రెండూ ఒకే తీరున తగ్గుతాయని, వాటి నిష్పత్తి 1 దగ్గరే ఉంటుందని అనుకునేవారు. స్పిన్ ఆధారంగా చేసి 2000లో ప్రచురించిన కొత్త కొలతలో, తాకిడి తీవ్రమైనచోట ఆ నిష్పత్తి సుమారు 0.6కు పడిపోయింది. అంటే ప్రోటాన్ లోపల విద్యుదావేశం, అయస్కాంతత్వం ఒకే తీరున పరచుకుని లేవు. పాత, కొత్త కొలతల మధ్య తేడాకు ఎలక్ట్రాన్, ప్రోటాన్‌ల మధ్య రెండు ఫోటాన్ల మార్పిడి కారణం కావచ్చని సిద్ధాంతకర్తలు నేటికీ శోధిస్తున్నారు.

శక్తి పెంచడమొక్కటే మార్గం కాదని, పుంజాన్ని శ్రద్ధగా సిద్ధం చేయడమూ అంతే ముఖ్యమని ఈ ఫలితం చాటింది. రట్గర్స్‌లో చదివే మన పిల్లలు కంప్యూటర్ కోర్సులతో ఆగకుండా సెరిన్ భవనం గడప కూడా తొక్కాలి. ఫిజిక్స్ చదువుతామంటే తల్లిదండ్రులు వద్దనకండి.