కోర్టు మెట్లెక్కని వకీళ్లు.. కంపెనీల వెనుక కనిపించని బలం

గోదావరిఖని: రామగుండం ఎరువుల కర్మాగారం కథ ఉత్తర తెలంగాణ వాసులకు విదితమే. 1980 నవంబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టిన బొగ్గు ఆధారిత కర్మాగారం 1999లో మూతపడింది. అదే ప్రాంగణంలో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021 మార్చి 22న వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దీని సామర్థ్యం. పెట్టుబడి ఆరు వేల కోట్ల రూపాయలకు పైమాటే. 2022 నవంబరు 12న ప్రధాని దీనిని జాతికి అంకితం చేశారు.

యంత్రాలు వచ్చాయి. కాకినాడ సమీపంలోని మల్లవరం నుంచి గ్యాస్ గొట్టపు మార్గం వచ్చింది. ఇవన్నీ కంటికి కనిపించేవే. కనిపించని పని ఇంకొకటి ఉంది. పాత సంస్థ అప్పుల చిక్కుముడి విప్పడం, ఆరుగురు భాగస్వాములను ఒక ఒప్పందం కిందికి తేవడం, వేల కోట్ల రుణానికి బ్యాంకులు ఒప్పుకునేలా దస్తావేజులు రాయడం ఆ పనిలో భాగాలు. ఇంత పెద్ద ప్రాజెక్టు దేశంలో ఎక్కడ తలపెట్టినా ఈ పని తప్పదు. దీనినే వృత్తిగా చేసుకున్నవి కార్పొరేట్, ఆర్థిక వ్యవహారాల లా ఫర్ములు. వకీలంటే నల్లకోటు వేసుకొని జడ్జి ఎదుట వాదించే వ్యక్తే మనకు గుర్తుకు వస్తాడు. ఈ ఫర్ముల్లో వ్యవహార విభాగాల న్యాయవాదులు కోర్టుకు వెళ్లడమే అరుదు. వివాదం కోర్టు దాకా పోకుండా ముందే కట్టడి చేయడం వారి పని. వారి బలమూ అందులోనే ఉంది.

శతాబ్దం నాటి సంస్థలు

ఈ వృత్తి మన దేశానికి కొత్తదేమీ కాదు. కోల్‌కతాలో పుట్టిన ఖైతాన్ అండ్ కో 1911 నాటిది. ముంబయిలో అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థ 1917లో ఆరంభమైంది. ఆ కుటుంబంలోని అన్నదమ్ములు 2015లో వేరుపడగా సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ అనే రెండు సంస్థలు ఏర్పడ్డాయి. సిరిల్ సంస్థకు హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ పెట్టుబడులు, ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు, టెలికాం సంస్థలు పెరగడంతో ఇలాంటి ఫర్ములకు పని బాగా పెరిగింది.

వీటి పేర్లు సామాన్యులకు తెలియకపోవడానికి కారణం ఉంది. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చి పని కోరరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోని 36వ నియమం చెబుతుంది. అందువల్ల ఏ ఫర్ము దేనిలో దిట్ట అన్నది తెలుసుకోవడానికి కంపెనీలు లండన్‌లోని చాంబర్స్, లీగల్ 500 వంటి సంస్థలు ఏటా ప్రచురించే జాబితాలను చూస్తుంటాయి. ఫర్ములు చేసిన పనులను పరిశీలించి, కక్షిదారులను, తోటి న్యాయవాదులను విచారించి ఆ జాబితాలు తయారుచేస్తారు. వాటిలో ముందు వరుసలో నిలవాలంటే ఏయే బలాలు కావాలో రామగుండం ఉదాహరణతోనే చూద్దాం.

మొదటిది: తవ్వి చూడడం

భూమి కొనేముందు మనం ఈసీ తీయిస్తాం, పాత పహాణీలు చూస్తాం, సరిహద్దు రైతులను అడుగుతాం. కంపెనీల విషయంలో ఇదే పని వందరెట్లు పెద్దది. భూమి ఎవరి పేరున ఉంది, ఏ బ్యాంకుకు తనఖాలో ఉంది, ఏయే కేసులు నడుస్తున్నాయి, కార్మికుల బకాయిలెంత, పన్నుల నోటీసులేమిటి అన్నవన్నీ వేలాది పుటలు చదివి నివేదిక ఇవ్వాలి.

రామగుండం యూనిట్ యజమాని అయిన భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐఎల్) 1992లోనే ఖాయిలా పరిశ్రమగా బీఐఎఫ్ఆర్ పరిధిలోకి వెళ్లింది. 2002లో కేంద్రం దాని యూనిట్ల మూసివేతకు నిర్ణయం తీసుకుంది. ఖాయిలా ముద్ర, తలకు మించిన అప్పు ఉన్నంతకాలం కొత్త పెట్టుబడిదారు ఎవరూ దగ్గరికి రారు. 2013లో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థ చెల్లించవలసిన ప్రభుత్వ రుణాన్ని, వడ్డీని రద్దు చేసింది. అదే ఏడాది సంస్థ బీఐఎఫ్ఆర్ నుంచి బయటపడింది. ఆ తర్వాతే పునరుద్ధరణకు దారి ఏర్పడింది. పాత అప్పు ఎక్కడ ఉందో, ఏ మార్గంలో తెంచాలో తేల్చకుండా కొత్త పునాది వేయరాదన్నది ఇందులోని పాఠం.

రెండోది: పొత్తు కుదర్చడం

రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ (ఆర్ఎఫ్‌సీఎల్) 2015 ఫిబ్రవరి 17న రిజిస్టరైంది. నిర్మాణ దశలో కుదిరిన వాటాల ప్రకారం నేషనల్ ఫెర్టిలైజర్స్‌కు 26 శాతం, ఇంజినీర్స్ ఇండియాకు 26, ఎఫ్‌సీఐఎల్‌కు 11, రాష్ట్ర ప్రభుత్వానికి 11, గెయిల్‌కు 14.3, డెన్మార్క్‌కు చెందిన హాల్డర్ టాప్సో బృందానికి 11.7 శాతం దక్కాయి. ఎఫ్‌సీఐఎల్ వాటా దాని భూమి, వసతుల వినియోగానికి ప్రతిగా ఇచ్చినది.

ఇక్కడ 26 అనే అంకెకు చట్టంలో ప్రత్యేక అర్థం ఉంది. కంపెనీ నియమావళి మార్చడం వంటి ముఖ్య నిర్ణయాలకు ప్రత్యేక తీర్మానం కావాలి. దానికి పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా పడాలి. అంటే 25 శాతానికి మించి వాటా ఉన్న భాగస్వామి కాదంటే ఆ తీర్మానం ఆగిపోతుంది. 11 శాతం వాటాదారుకు ఆ శక్తి లేదు. అటువంటి చిన్న భాగస్వామికి రక్షణ కావాలంటే భాగస్వామ్య ఒప్పందంలోనే రాసుకోవాలి. ఏయే విషయాల్లో తన సమ్మతి తప్పనిసరి, బోర్డులో తనకు స్థానం ఉందా, వాటా అమ్మదలచినప్పుడు మొదట ఎవరికి చూపాలి, అదనపు పెట్టుబడి తేలేకపోతే వాటా ఎంత తగ్గుతుంది అన్నవి ముందే తేలాలి. మంచి ఫర్ము ఈ ప్రశ్నలన్నీ పొత్తు తీయగా ఉన్న రోజునే వేస్తుంది. పొత్తు చేదయ్యాక వేస్తే జవాబు చెప్పేది కోర్టే.

మూడోది: అప్పు దస్తావేజు

ఇంత పెద్ద రుణం ఒక్క బ్యాంకు ఇవ్వడం అరుదు. పలు బ్యాంకులు కలిసి ఇస్తాయి. ఇంకా కట్టని కర్మాగారానికి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసేది రేపటి రాబడిని. ముడిసరుకు ఎన్నేళ్లు వస్తుంది, సరుకు ఎవరు కొంటారు, నిర్మాణం ఆలస్యమైతే నష్టం ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు ఒప్పందాల్లో ఉండాలి. గ్యాస్ తీసుకున్నా తీసుకోకున్నా కనీస మొత్తం చెల్లించాలనే షరతు, రాబడి అంతా ముందుగా ఒకే ప్రత్యేక ఖాతాలో పడాలనే షరతు ఇలాంటి ఒప్పందాల్లో సాధారణం. గ్యాస్ ఒప్పందంలోని గడువు, రుణ ఒప్పందంలోని గడువు పొసగకపోతే కర్మాగారం నడుస్తున్నా కంపెనీ చిక్కుల్లో పడుతుంది.

తనఖా నమోదు మరో కీలక ఘట్టం. కంపెనీ తన ఆస్తిపై హక్కును బ్యాంకుకు రాసిస్తే ఆ వివరాన్ని 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రారు వద్ద నమోదు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. ఆలస్యమైతే అదనపు రుసుము చెల్లించాలి. అసలు నమోదే కాకపోతే కంపెనీ దివాలా తీసినప్పుడు ఆ బ్యాంకు తన తనఖా హక్కును లిక్విడేటరు ఎదుట చూపుకోలేదు. ఒక్క ఫారం మరిచిపోయినందుకు కోట్ల రూపాయల హామీ గాలికి పోతుంది. ఫైనాన్స్ లా ఫర్ము సమర్థత ఇలాంటి చిన్న పనుల్లోనే తేలుతుంది.

నాలుగోది: వేగం

ఒక్క వకీలు ఎంత మేధావి అయినా పది పనులు ఒకేసారి చేయలేడు. కంపెనీ చట్టం, పన్నులు, బ్యాంకింగ్, కార్మిక చట్టాలు, పోటీ చట్టం తెలిసినవారు ఒకే గొడుగు కింద ఉండడం పెద్ద ఫర్ము ప్రత్యేకత. దాని విలువ సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో తెలుగువారు కళ్లారా చూశారు. 2009 జనవరి 7న ఆ సంస్థ అధినేత రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. నాలుగు రోజుల్లో ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది. అందులో దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్‌లతోపాటు న్యాయ నిపుణుడు సి.అచ్యుతన్ కూడా ఉన్నారు. లెక్కలు పూర్తిగా తేలకముందే, అమెరికాలో వాటాదారుల దావాలు నడుస్తుండగానే వేలం నిబంధనలు రాసి, అనుమతులు తెచ్చారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున బిడ్ గెలిచింది. లేఖకు, వేలానికి మధ్య గడిచింది వంద రోజుల లోపే. ఆలస్యమైతే ఖాతాదారు కంపెనీలు వెళ్లిపోయేవి, సుమారు 50 వేల మంది ఉద్యోగుల బతుకు ప్రశ్నార్థకమయ్యేది.

ఫీజు ఇచ్చినవారికే రక్ష

అయితే ఒక సంగతి మరువరాదు. లా ఫర్ము తన కక్షిదారు ప్రయోజనాన్ని కాపాడుతుంది. బ్యాంకు తరఫున దస్తావేజు రాసిన న్యాయవాది అప్పు తీసుకున్నవారి మేలు చూడడు, చూడవలసిన బాధ్యతా అతనిపై లేదు. కార్మికుడు, చిన్న సరఫరాదారు, ఊరి రైతు ఆ బల్ల దగ్గర కూర్చోరు. వారికి రక్షణ చట్టం నుంచే రావాలి.

2016 నాటి దివాలా స్మృతి ఈ విషయంలో కొంత మేలు చేసింది. కంపెనీని మూసి ఆస్తులు అమ్మినప్పుడు ప్రక్రియ ఖర్చుల తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలకు, తనఖా హక్కును వదులుకున్న బ్యాంకులకు సమాన స్థానం కల్పించింది. భవిష్య నిధి సొమ్మును అమ్మకపు ఆస్తుల్లో కలపరాదని చెప్పింది. సరుకు అరువిచ్చిన చిన్న వ్యాపారి మాత్రం వరుసలో చాలా వెనకే ఉంటాడు.

మన మిల్లులకు, సాంచాలకు ఏమిటి సంబంధం?

సంబంధం ఉంది. సుల్తానాబాద్ రైసు మిల్లరు, కరీంనగర్ గ్రానైట్ వ్యాపారి, సిరిసిల్ల సాంచాల ఆసామి బ్యాంకులో పెట్టే సంతకానికీ ఇదే చట్టం వర్తిస్తుంది. పెద్ద కంపెనీ తరఫున 20 మంది న్యాయవాదులు చదివే కాగితాన్ని మనవారు మేనేజరు వేలు చూపినచోటల్లా సంతకం చేసి వస్తున్నారు. నష్టం ఎక్కువగా జరుగుతున్నది అక్కడే. సంతకానికి ముందు ఈ కింది విషయాలు తెలుసుకోవడం మేలు.

షూరిటీ: అసలు రుణగ్రహీత ఎంత చెల్లించాలో షూరిటీదారుపైనా అంతే భారం ఉంటుందని 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. ముందు అతణ్ని అడిగి ఆ తర్వాత నన్ను అడగండి అనే వాదన సాధారణంగా చెల్లదు.

ప్రైవేటు లిమిటెడ్: కంపెనీ పెడితే సొంత ఆస్తికి ముప్పు లేదనుకోవడం సగం నిజం. డైరెక్టరు వ్యక్తిగత హామీ ఇస్తే ఇల్లు, స్థలం కూడా లెక్కలోకి వస్తాయి. కంపెనీ దివాలా తీసినా హామీదారు బాధ్యత తీరదని సుప్రీంకోర్టు 2021 మే 21న తేల్చింది.

ఖాళీ పత్రాలు: అంకెలు నింపని ఫారాలపై, ఖాళీ చెక్కులపై సంతకం చేయరాదు. సంతకం చేసిన ప్రతి కాగితం నకలు అడిగి తీసుకోవాలి.

జప్తు నోటీసు: సర్ఫేసీ చట్టం కింద నోటీసు వస్తే 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆస్తి స్వాధీనానికి చర్య తీసుకుంటే 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. సాగులో ఉన్న వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

అప్పు తీరిన తర్వాత: బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకోవడంతో పని పూర్తి కాదు. కంపెనీ అయితే రిజిస్ట్రారు వద్ద, తనఖా భూమి అయితే సబ్ రిజిస్ట్రారు వద్ద ఆ భారం తొలగిందో లేదో చూసుకోవాలి.

ఫీజు ఇవ్వలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారు 1987 నాటి చట్టం కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు కనుక్కోవచ్చు.

విద్యార్థులకూ అవకాశం

ఇంటర్ తర్వాత ఐదేళ్ల న్యాయ విద్యకు రాష్ట్రంలో లాసెట్, హైదరాబాద్‌లోని నల్సార్ వంటి జాతీయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. పెద్ద ఫర్ములు ఇలాంటి జాతీయ విశ్వవిద్యాలయాలకు వచ్చి ఉద్యోగులను ఎంపిక చేసుకుంటాయి. కామర్స్ చదివి, బ్యాలెన్స్ షీటు అర్థం చేసుకోగలిగి, ఇంగ్లిషులోనూ తెలుగులోనూ తప్పు లేకుండా రాయగలిగినవారికి ఈ రంగంలో మంచి ఆదరణ ఉంటుంది. హైదరాబాద్ ఉద్యోగమే గమ్యం కానవసరం లేదు. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల పట్టణాల్లో రుణ ఒప్పందం చదివి, అందులోని మెలిక తెలుగులో విడమరచి చెప్పగల న్యాయవాది ఉంటే ఎన్నో మిల్లులు, మరెన్నో ఇళ్లు వేలం దాకా పోకుండా ఉంటాయి.