కూలివాళ్ళ భీముడు – పాల్ బన్యన్



పిల్లలు అన్నం దగ్గర మారాం చేస్తే భీముడి కథో, కుంభకర్ణుడి కథో చెప్పని తల్లి మనలో ఎవరుంటారు చెప్పండి? అమెరికా పిల్లలకూ అలాంటి మహాకాయుడొకడున్నాడు. పేరు పాల్ బన్యన్. దేవుడూ కాదు, రాజూ కాదు. అడవిలో చెట్లు నరికే మనిషి.

అతనికి తోడు బేబ్ అనే నీలిరంగు ఎద్దు. ఒక చలికాలం నీలిమంచు కురిసి, దానికి ఆ రంగు వచ్చిందట. వాళ్ళ అడుగులు పడిన గుంటల్లో నీళ్ళు నిలిచి మిన్నెసోటా రాష్ట్రంలో వేల సరస్సులు ఏర్పడ్డాయట. పాల్ గొడ్డలి ఈడ్చుకుంటూ నడిస్తే గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయ పడిందట!

ఇక వంటింటి సంగతి వినండి. మనం అట్ల పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తాం కదా. పాల్ పెనానికి జిడ్డు రాయాలంటే, వంటకుర్రాళ్ళు పాదాలకు పందికొవ్వు ముక్కలు కట్టుకుని పెనమంతా జారుతూ తిరిగేవారట.

ఇంత గొప్ప కోతలు ఎందుకు పుట్టాయంటారా? 19వ శతాబ్దం చివర మిచిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా అడవుల్లో వేలమంది కూలీలు చలికాలమంతా ఇల్లూ వాకిలీ వదిలి శిబిరాల్లో ఉండేవారు. తెల్లవారకముందే లేచి, గడ్డకట్టే చలిలో పైన్ చెట్లు నరకాలి. కూలే మాను ఎవరిమీద పడుతుందో తెలియదు. వాళ్ళకున్న సుఖమల్లా కడుపునిండా తిండే. వంట బాగాలేకపోతే మరో శిబిరానికి వెళ్ళిపోయేవారు. రాత్రి పొయ్యి చుట్టూ చేరి, ఒకరిని మించి ఒకరు పాల్ గొప్పలు చెప్పుకుని నవ్వుకునేవారు. కొత్తగా వచ్చినవాణ్ణి ఆటపట్టించేవారు.

నోటిమాటగా ఉన్న ఈ కథలు 1900 తర్వాత పత్రికలకెక్కాయి. 1914లో రెడ్ రివర్ అనే కలప కంపెనీ తన ప్రకటనల కోసం బొమ్మలతో చిన్న పుస్తకం వేసి పంచింది. దాన్ని రాసిన విలియం లాహెడ్ చిన్నతనంలో అడవి శిబిరాల్లో పనిచేసినవాడే. అయితే అందులో కొన్ని సంగతులు ఆయన సొంతంగా కల్పించినవి. 1937లో మిన్నెసోటాలోని బెమిడ్జి ఊళ్ళో పాల్‌కు 18 అడుగుల విగ్రహం నిలిపారు. అప్పటికే అక్కడి పెద్ద పైన్ అడవులు చాలావరకు నరికేశారు. విగ్రహం మిగిలింది, చెట్లు పోయాయి.

ఈ కథ మీ పిల్లలకు చెప్పి నవ్వించండి. "ఇదంతా నిజమేనా అమ్మా?" అని అడుగుతారు. పాల్ లేడని చెప్పండి. కానీ చలిలో గొడ్డలి పట్టిన ఆ కూలీలు మాత్రం నిజంగా ఉన్నారనీ, వాళ్ళ పేర్లే ఎవరికీ తెలియవనీ కూడా చెప్పండి.