ఇంజనులో చిన్న తలుపు

ఒక అక్క ఇంట్లో పాత డీజిల్ అంబాసిడర్ కారు ఉంది. భర్త దాన్ని కిరాయికి తోలతాడు. ఆ ఇంటికి కూడు పెట్టేది ఆ కారే. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అందుకే ఉన్న బండిని కాపాడుకోవాలి.

ఒకరోజు కారు దారిలో ఆగిపోయింది. రేడియేటర్ నుంచి ఆవిరి కమ్ముకొచ్చింది. మెకానిక్ చూశాడు.

"థర్మోస్టాట్ పోయిందమ్మా. తీసి పారేస్తాను. అది లేకపోయినా బండి నడుస్తుంది" అన్నాడు.

"అవసరం లేనిదైతే ముందు ఎందుకు పెట్టారన్నా?" అని అడిగింది అక్క.

మంచి ప్రశ్న! జవాబు తెలుసుకుందాం.

థర్మోస్టాట్ ఏం చేస్తుంది?

ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి ఇంజను లోపల నీళ్లు తిరుగుతాయి. వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌లోకి పోతాయి. అక్కడ గాలికి చల్లబడి తిరిగి వస్తాయి. ఈ దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అదే థర్మోస్టాట్.

దాని లోపల మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మైనం గట్టిగా ఉంటుంది. తలుపు మూసి ఉంటుంది. నీళ్లు సుమారు 80 డిగ్రీలు దాటితే మైనం కరిగి ఉబ్బుతుంది. తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు తలుపును మూస్తుంది.

తలుపు పాడైతే?

మూసుకుని బిగుసుకుపోతే నీళ్లు రేడియేటర్‌కు పోవు. ఇంజను ఉడికిపోతుంది. హెడ్డు వంకరపోతుంది. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది.

తెరుచుకునే ఉండిపోతే ఇంజను తొందరగా వేడెక్కదు. డీజిల్ సరిగా మండదు. పొగ వస్తుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇంజను త్వరగా అరుగుతుంది. థర్మోస్టాట్ తీసి పారేసినా ఇంతే. చిన్న సామాను డబ్బు మిగిలిందనుకుంటాం. అది రోజూ డీజిల్‌లో పోతుంది.

ఎలా మార్చాలి?

ముందు ఇంజనును పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత తీస్తామా? ఇదీ అంతే. మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

1. రేడియేటర్ నీళ్లను కొంత గిన్నెలోకి వదలాలి. కూలెంట్ కలిపిన నీళ్లు విషం. పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

2. రేడియేటర్ పై పైపు ఇంజనును కలిసే చోట ఒక మూత ఉంటుంది. దాని నట్లు విప్పితే థర్మోస్టాట్ కనిపిస్తుంది. అది ఎటు తిరిగి ఉందో చూసుకుని తీయాలి.

3. కొత్తదాన్ని ముందు పరీక్షించాలి. పాత గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వేలాడదీయాలి. అడుగుకు తగలకూడదు. నీళ్లు తెర్లే లోపే తలుపు తెరుచుకోవాలి. చల్లారితే మూసుకోవాలి.

4. మైనం ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి. పాత ప్యాకింగ్ గీకేసి కొత్తది వేయాలి. నట్లను సమంగా బిగించాలి.

5. నీళ్లు, కూలెంట్ మెల్లగా పోయాలి. బుడగలు ఆగాక మూత బిగించాలి. బోరు ఉప్పునీళ్లు వద్దు. కాగు అడుగున కట్టినట్టే ఇంజనులోనూ తెల్ల పెచ్చు కడుతుంది.

6. ఇంజను నడిపి చూడాలి. పై పైపు మొదట చల్లగా ఉండి, తర్వాత గబుక్కున వేడెక్కితే తలుపు తెరుచుకున్నట్టే. ఫ్యాన్‌కు కొంగు, జడ తగలకుండా జాగ్రత్త! బండి చల్లారాక నీళ్లు మళ్లీ చూడాలి. తగ్గితే పోయాలి.

అక్క కొత్త థర్మోస్టాట్ తెప్పించింది. తానే గిన్నెలో పెట్టి చూసింది. తలుపు తెరుచుకున్నాకే "ఇక బిగించన్నా" అంది.

చెప్పండి

వేడి మీద రేడియేటర్ మూత ఎందుకు తీయకూడదు?
థర్మోస్టాట్ తీసి పారేస్తే ఏం నష్టం?