పొయ్యిలోని శక్తి

కట్టెలోని శక్తి యెక్కడిది? చెట్టు పెరుగునపుడు ఆకులు గ్రహించిన సూర్యరశ్మియే యది. కాల్చినపుడు వేడిమియై వెలువడును. శక్తి రూపము మార్చునే కాని నశింపదు. ఇంగ్లండు దేశీయుడగు జౌల్ 1845లో, దిగు బరువులచే తిరుగు తెడ్లతో నీటిని చిలికి, నీరు వేడెక్కుట చూపెను. మన కవ్వము చేయు పనియు నదియే. కాని యా వేడిమి చేతికి తెలియనంత స్వల్పము.

వంటయింటి కక్కఱకు వచ్చు రెండంకెలు చెప్పెదము. 1 కిలో నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 293 కిలోజౌళ్లు చాలును; అంతయు ఆవిరి చేయుటకు మఱి 2,257 కావలెను. మూతలేని గిన్నెలో తెరలుచున్న పప్పుక్రింద మంట హెచ్చించినచో ఆవిరి హెచ్చునే కాని పప్పు త్వరగా నుడుకదు. పొగలో కన్నులు నలుపుకొనువారి కిది చిన్న నష్టమా? తెరలిన పిమ్మట మంట తగ్గించి మూతవేయుడు. అత్తగారు మందలించినచో ఈ లెక్క చూపుడు.