పోయిన టేపులు – దొరికిన నకళ్లు

ప్రయోగశాలలో రీడింగులను చిత్తుకాగితం మీద రాసుకుని, రికార్డు పూర్తికాగానే ఆ కాగితాన్ని పారేసే అలవాటు మీలో ఎందరికి ఉంది? (మా తరగతిలో చాలామందికే ఉంది!) అయితే ఈ సంగతి వినండి.

1969 మొదలుకొని కొన్ని అపోలో యాత్రలలో వ్యోమగాములు చంద్రుడి మీద అగ్గిపెట్టెంత పరికరాలను ఉంచి వచ్చారు. వాటిని రూపొందించినవారు ఆస్ట్రేలియా భౌతికశాస్త్రజ్ఞుడు బ్రయాన్ ఓబ్రయన్. వాటిలో సౌరఘటాలు ఉంటాయి. ఘటం మీద ధూళి పడిందనుకోండి, ఎండ తక్కువగా సోకుతుంది, విద్యుత్తు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే ధూళి లెక్క తెలిసిపోతుంది. ఎంత సులువైన ఉపాయమో చూశారా! ఆ కొలతలు రేడియో ద్వారా భూమికి చేరి, అయస్కాంత టేపులకు ఎక్కాయి.

నాసా తన టేపులను పోగొట్టుకున్నదని ఓబ్రయన్‌కు 2006లో తెలిసింది. అదృష్టవశాత్తు ఆయన వద్ద 170కి పైగా నకలు టేపులు ఆస్ట్రేలియాలోనే ఉన్నాయి. కాని వాటిని చదివే యంత్రమేదీ? ఆ రకం ఎప్పుడో మూలపడింది! కంప్యూటర్ మ్యూజియం నుంచి 1960ల నాటి ఐబీఎం యంత్రాన్ని తెప్పించవలసి వచ్చింది.

ఎట్టకేలకు అంకెలు బయటపడ్డాయి. చంద్రుడిపై ఒక మిల్లీమీటరు మందం ధూళి పేరుకోవడానికి సుమారు 1000 సంవత్సరాలు పడుతుందని 2013లో లెక్కతేలింది.