‘పడకపోవుట’కు అంగడిలో కొనెడి మందులు - వాని ఎన్నికయు, జాగ్రత్తయు

తెలుగువారికి ‘అలెర్జీ’ అను మాట క్రొత్తది కావచ్చును గాని, ఆ భావము క్రొత్తది కాదు. ‘నాకు వంకాయ పడదు’, ‘ఈ ఊరి నీరు పిల్లవానికి పడలేదు’ అని మన యిండ్లలో తరతరములుగా అనుకొనుచునే యున్నాము. తమిళనాట మన పొరుగువారు ‘ఒవ్వామై’ అనునదియు, కన్నడనాట ‘ఒగ్గువుదిల్ల’ అనునదియు ఈ పడకపోవుటయే. మనము ఏ రాష్ట్రమున స్థిరపడినను, తుమ్ములును దురదయు ఆరంభమైనప్పుడు చేయు పని మాత్రము ఒక్కటే: వీధి చివరనున్న మందుల దుకాణమునకు పోయి, ఒక బిళ్ళ యిమ్మని అడుగుట. అందులో ఏమున్నదో మనము అడుగము, దుకాణదారుడు చెప్పడు. స్ట్రిప్పు మీది చిన్న అక్షరములను చదువువారు మిక్కిలి అరుదు.

కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో ఒక వృద్ధుడు దద్దుర్లకని ఒక మాత్రయు, అదే రాత్రి పడిశమునకని మరియొక మాత్రయు వేసికొనిరి. రెంటి పేరులు వేరు, రంగులు వేరు. కాని రెంటిలోను క్లోర్‌ఫెనిరమిన్ అను ద్రవ్యమే యున్నది. తెల్లవారుజామున మత్తుతో లేచి, స్నానపుగది గడప తగిలి పడి, తుంటియెముక విరుగగొట్టుకొనిరి. దద్దుర్లు చేయని హానిని మందు చేసినది. ఈ మందులను కొనువారు మొదట నేర్వవలసినది అంగడిపేరును గాక, లోపలి ద్రవ్యముపేరును చదువుట యని నాకు అప్పుడు తోచినది. తక్కిన విషయములన్నియు దీనినుండియే వచ్చును.

శరీరమున జరుగునది

‘అలెర్జీ’ యను పదమును 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. పుప్పొడి, ఇంటిధూళిలోని సూక్ష్మకీటకములు, రొయ్య, వేరుసెనగ మొదలైనవి పెక్కుమందికి నిరపాయములే. కాని కొందరి శరీరములోని రక్షణశక్తి వానిని శత్రువులని భ్రమించును. అప్పుడు కొన్ని కణములనుండి హిస్టమిన్ అను ద్రవ్యము వెలువడును. దానివలన సన్నని రక్తనాళములు విప్పారి, వానినుండి నీరు ఊరును. ముక్కులో నైనచో తుమ్ములు, నీరు కారుట. కన్నులలో నైనచో ఎరుపు, దురద. చర్మమున నైనచో దద్దుర్లు.

హిస్టమిన్‌ను అడ్డగించు తొలి ద్రవ్యమును 1937లో పారిస్ లోని పాశ్చర్ సంస్థయందు డేనియల్ బోవే, ఆన్ మరీ స్టౌబ్ అను వారు కనుగొనిరి. అది మనుష్యుల వాడుకకు తగినది కాకపోయినను, దాని వెంట వచ్చినవే నేటి మందులు. బోవేకు 1957లో నోబెల్ బహుమానము లభించినది. ఈ మందులు హిస్టమిన్ చేరవలసిన చోటును ముందుగా ఆక్రమించును. అనగా బాధను అణచును గాని, పడకపోవుట యను గుణమును మాన్పవు. కావున పడని వస్తువును కనిపెట్టి దూరముగా నుండుటయే మొదటి చికిత్స, మాత్ర రెండవది.

పాత తరము, క్రొత్త తరము

క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రొమెథజీన్ మొదలైనవి పాత తరమునకు చెందినవి. ఇవి రక్తమునుండి మెదడులోనికి సులభముగా ప్రవేశించును. అందువలన నిద్రమత్తు, తలతూలుట, మతిమరపు కలుగును. నోరు ఎండుట, మలబద్ధము, మూత్రము బిగియుట వీని ఇతర దోషములు. ‘మాత్ర బాగుగా పట్టినది, హాయిగా నిద్రపోతిని’ అని మనవారు మెచ్చుకొనుట కద్దు. ఆ నిద్ర రోగము తగ్గుచున్నదనుటకు గుర్తు కాదు. అది మందు మెదడునకు చేసిన అదనపు పని మాత్రమే. రాత్రి వేసికొనిన మాత్ర మత్తు మరునాటి ఉదయము బండి నడుపునప్పుడును మిగిలియుండవచ్చును.

సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ అనునవి క్రొత్త తరమువి. ఇవి మెదడులోనికి తక్కువగా పోవును. సామాన్యముగా దినమునకు ఒక్క మాత్ర చాలును. ఆరోగ్యవంతులైన పెద్దలకు సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు, లెవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు, లోరటడిన్ 10 మిల్లీగ్రాములు దినమునకు వాడుకలో నున్న మోతాదులు. వీనిలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి మత్తు కలిగించును. ఫెక్సోఫెనడిన్ మత్తు అత్యల్పము. కావున బస్సు నడుపువారును, యంత్రములయొద్ద పనిచేయువారును ఈ భేదమును తెలిసికొనవలెను. ఫెక్సోఫెనడిన్‌ను మంచినీటితోనే మ్రింగవలెను; నారింజ, ఆపిల్ రసములతో పుచ్చుకొనినచో అది శరీరమునకు చాలినంత అందదు.

సెట్రిజిన్ జాతి మందులను నెలల తరబడి ప్రతిదినము వాడి, హఠాత్తుగా మానినవారిలో కొందరికి తీవ్రమైన దురద కలుగుచున్నదని 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. ఇది అరుదైనదే. ఐనను ‘ఎన్నాళ్లు వాడినను ఏమియు కాదు’ అను నమ్మకము సరికాదని దీనివలన తెలియుచున్నది.

పేరు వెనుకనున్న ద్రవ్యములు

‘జలుబు మాత్ర’ యని అమ్ముడగు వానిలో పెక్కింటియందు మూడు ద్రవ్యములు కలిసియుండును: జ్వరమునకు పారసెటమాల్, ముక్కుదిబ్బడకు ఫినైలెఫ్రిన్, నీరు కారుటకు క్లోర్‌ఫెనిరమిన్. దీనితోపాటు జ్వరమునకని వేరొక పారసెటమాల్, దురదకని వేరొక మాత్ర వేసికొనినచో ఒకే ద్రవ్యము రెండింతలగును. మోతాదు మించిన పారసెటమాల్ కాలేయమును చెరచును. ఫినైలెఫ్రిన్ రక్తపుపోటు గలవారికి మంచిది కాదు. పైగా మ్రింగిన ఫినైలెఫ్రిన్ ముక్కుదిబ్బడను తగ్గించుట లేదని 2023లో అమెరికా సంస్థయొక్క నిపుణుల సంఘము తేల్చినది. ఆ సంవత్సరమే డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణాధికారి, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని ఆదేశించెను. పెద్దల మాత్రను విరిచి పసివానికి ఇచ్చు అలవాటును మన యిండ్లలో ఇకనైనను విడువవలెను.

లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర నేడు మిక్కిలి వాడుకలో నున్నది. మాంటెలుకాస్ట్ కొందరిలో దుస్స్వప్నములు, దిగులు, ఆత్మహత్యాలోచనలు కలిగింపవచ్చునని 2020లో అమెరికాలో తీవ్రమైన హెచ్చరిక వెలువడినది. సామాన్యమైన తుమ్ములకు దీనిని వైద్యుని సలహా లేక వాడరాదు. బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అను పేరులు కనబడినచో అది స్టెరాయిడు. ఒక్క దినములో అద్భుతముగా సుఖము నిచ్చును; పలుమారులు వాడినచో మధుమేహమును పెంచి, ఎముకలను గుల్లచేయును. ‘ఆ దుకాణమువాని చేతి బిళ్ళ మహిమ గలది’ అని పేరువడిన చోట ఈ ద్రవ్యమున్నదేమో చూడవలెను.

హిస్టమిన్ నిరోధకములలో పెక్కింటిని మన దేశపు ఔషధ నియమములు షెడ్యూల్ ‘జి’ యందు చేర్చినవి. వైద్యుని పర్యవేక్షణ లేక వాడుట ప్రమాదకరమను హెచ్చరికను వీనిపై ముద్రింపవలెను. చీటీ లేకయే దొరకుచున్నవి గదా యని వానిని పిప్పరమెంటు బిళ్ళలుగా భావింపరాదు.

ఏ బాధకు ఏది

తుమ్ములు, కన్నుల దురద, దద్దుర్లు - ఈ మూటికి క్రొత్త తరపు మాత్ర బాగుగా పనిచేయును. నెలల తరబడి ముక్కు మూసికొనిపోవువారికి మాత్రకంటె ముక్కులో పిచికారి చేయు స్టెరాయిడు మందు మేలు. ఇది మ్రింగెడి స్టెరాయిడు వంటిది కాదు. రక్తములోనికి చేరునది స్వల్పము. దాని పూర్తి ఫలము కానవచ్చుటకు కొన్ని దినములు పట్టును గనుక, వైద్యుడు చెప్పిన రీతిని ఓపికతో వాడవలెను. ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ అను ముక్కుచుక్కలు నిమిషములలో దారి తెరచును గాని, వానిని మూడు నాలుగు దినములు మించి వాడినచో ముక్కు మునుపటికంటె ఎక్కువగా మూసికొనును. ఆ దిబ్బడకు మరల అవే చుక్కలు వేసికొని, వానిని మానలేని స్థితికి వచ్చినవారు పలువురు. వైరసు వలన వచ్చిన సామాన్య పడిశమునకు క్రొత్త తరపు మాత్రల వలన చెప్పదగిన మేలు లేదు.

ఇచట మనకు బాగుగా పరిచితమైన ఒక మొక్కను ఉదాహరించెదను. మనము వయ్యారిభామ యనియు, కాంగ్రెస్ గడ్డి యనియు, మహారాష్ట్రులు గాజర్ గవత్ అనియు పిలుచు పార్థీనియము అమెరికాఖండమునుండి వచ్చి, 1950ల మధ్యలో పుణె ప్రాంతమున గుర్తింపబడి, దేశమంతట వ్యాపించినది. బెంగుళూరు ఖాళీ స్థలములలో దీనిని చూడనివారు లేరు. దీని పుప్పొడి కొందరికి తుమ్ములు తెప్పించును. దానికి మాత్ర ఉపశమన మిచ్చును. కాని ఈ మొక్క తగులుటవలన కనురెప్పలు, మెడ, మోచేతి మడతలయందు వచ్చెడి గజ్జివంటి వ్యాధి వేరు. అది ప్రధానముగా హిస్టమిన్ వలన వచ్చునది కాదు. మాత్రలెన్ని మ్రింగినను అది మానదు. మొక్కకు దూరముగా నుండి, చర్మవైద్యుని చూడవలెను. మొక్క ఒక్కటియే, వ్యాధులు రెండు, మందులును వేరు.

ఎవరు వైద్యుని అడిగియే కొనవలెను

అరువదియైదేండ్లు దాటినవారు పాత తరపు మాత్రలను వీలైనంతవరకు మానవలెను. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పురుషులకు మూత్రము పూర్తిగా బంధింపబడవచ్చును. గ్లాకోమాలో ఒక రకము గలవారికి కంటిలోని ఒత్తిడి పెరుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారికి సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ మోతాదును తగ్గింపవలసి యుండును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, నిద్రమాత్రలు వాడువారును, మూర్ఛవ్యాధి గలవారును అడుగక కొనరాదు. మద్యముతో ఈ మాత్రలు పుచ్చుకొనరాదు. అలెర్జీకి చర్మపరీక్ష చేయించుకొనువారు ఈ మాత్రలను ఎన్ని దినములు ముందు మానవలెనో ఆ వైద్యునే అడిగి తెలిసికొనవలెను. లేనిచో పరీక్ష తప్పుదారి పట్టించును.

మాత్ర చాలని సమయము

ఆహారము తినిన తరువాత గాని, తేనెటీగ కుట్టిన తరువాత గాని, సూదిమందు వేసిన తరువాత గాని పెదవులు, నాలుక వాచుట, గొంతు బిగియుట, ఊపిరాడకపోవుట, ఒళ్లంత దద్దుర్లతో స్పృహ తప్పుట - వీనిలో ఏది కనబడినను మాత్ర వెదకుచు కాలము పోగొట్టరాదు. అప్పుడు ప్రాణము నిలుపునది తొడకండలో వేయు అడ్రినలిన్ సూదిమందు. వెంటనే 108కి ఫోను చేసి, రోగిని పరుండబెట్టి, కాళ్లను ఎత్తుగా నుంచవలెను. ఊపిరాడనివారిని మాత్రము కూర్చుండనీయవచ్చును. నిలువబెట్టి నడిపింపరాదు. ఉబ్బసము గలవారికి పిల్లికూతలు ఎక్కువైనప్పుడును ఈ మాత్రలు చాలవు. పీల్చెడి మందే వలయును.

ముగింపు

మందు కొనునప్పుడు అడుగవలసినవి నాలుగే ప్రశ్నలు: ఇందలి ద్రవ్యమేమి? ఇది మత్తు కలిగించునా? నేను వాడుచున్న మందులలో ఇదే ద్రవ్యము మరియొకటి గలదా? ఎన్ని దినములు వాడవలెను? ఒక వారములో గుణము కనబడనిచో వైద్యుని చూడవలెను.

పరరాష్ట్రములందలి మన కుటుంబములలో ఒక చిక్కు గలదు. పెద్దలలో పెక్కుమంది ఆంగ్లమును చదువలేరు. పిల్లలలో పెక్కుమంది తెలుగును చదువలేరు. స్ట్రిప్పు మీది ద్రవ్యముపేరును మనుమరాలు చదివి చెప్పగా, తాతగారు దానిని తెలుగులో ఒక కాగితముపై వ్రాసి మందులపెట్టెలో నుంచుకొనినచో ఇరువురకును మేలు. మా బంధువుల యింట అట్టి కాగితము ఇప్పుడున్నది. అది ఆ రాత్రికి ముందే యుండవలసినది.